చక్రాలు నేల తాకాకే అసలు పని

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్లు. వేరే రాష్ట్రంలో పైలట్ శిక్షణ తీసుకుంటోంది. పోయిన వారం ఒంటరిగా సెస్నా 172 దించుతుంటే పక్కగాలి కొట్టి విమానం రన్‌వే పక్కన గడ్డిలోకి దూసుకెళ్లింది. తనకేం కాలేదు, ముందు చక్రం మాత్రం దెబ్బతింది. "నాకు చేతకాదమ్మా" అని రోజూ ఫోన్‌లో ఏడుస్తోంది. వెనక్కి పిలిపించేయమంటారా?
— ఒక తల్లి, భద్రాచలం

జవాబు: పిలిపించకండమ్మా. చాలా ఏళ్లు చిన్న విమానాల మీద పిల్లలకు శిక్షణ ఇచ్చినవాడిగా చెబుతున్నాను, మీ అమ్మాయికి జరిగింది చేతకానితనం కాదు. నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే గడ్డిలోకి వెళ్లాను. ఇంజన్ ఆపాక కూడా పెడళ్ల మీద కాళ్లు వణుకుతూనే ఉన్నాయి.

మీది గోదావరి ఒడ్డు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. అవతలి రేవుకు సూటిగా చేరాలంటే పడవ నడిపేవాడు ముక్కును కాస్త ఎగువకు తిప్పి ఉంచుతాడు కదా? పక్కగాలిలో పైలట్ చేసేదీ అదే. ముక్కును గాలి వైపు తిప్పుకుని వస్తాడు. కానీ చక్రాలు అలా వంకరగా నేలను తాకకూడదు. అందుకే చివరి క్షణాల్లో రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడల్ తొక్కి ముక్కును రన్‌వేకి సూటిగా తెచ్చి, గాలి వచ్చే వైపు రెక్కను కాస్త దించి పట్టుకోవాలి. ఒక చేయి, రెండు కాళ్లు ఒకేసారి వేర్వేరు పనులు చేయాలి. గంటకు 110, 120 కిలోమీటర్ల వేగంలో!

ఇంత కష్టపడి దించాక, చక్రాలు కిర్రుమనగానే పిల్లలు "హమ్మయ్య" అని చేతులు వదులు చేస్తారు. నేను చేసిన తప్పూ అదే. సెస్నా 172 నిండా ఎక్కించినా బరువు 1100 కిలోలకు కాస్త అటూ ఇటూ, రెక్కల పొడవేమో 11 మీటర్లు. నేల మీద ఉన్నా గాలి దాన్ని వదలదు. తోక మీది నిలువు రెక్కను నెడుతుంది, దాంతో ముక్కు గాలి వైపు తిరిగిపోతుంది. పైగా వేగం తగ్గేకొద్దీ రడ్డర్ పట్టు తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ తొక్కాలి. కంట్రోల్ వీల్‌ను (రెక్కలను అటూ ఇటూ వంచే చేతి చక్రాన్ని) కూడా గాలి వైపు తిప్పుతూ పోయి, చివరికి పూర్తిగా అటే తిప్పి ఉంచాలి. ఇంకో చిక్కుంది. ఈ విమానంలో ముందు చక్రం కూడా పెడళ్లతోనే తిరుగుతుంది. పెడల్ బాగా తొక్కి ఉండగా ఆ చక్రం నేలకు దిగితే విమానం ఒక్కసారిగా పక్కకు లాగేస్తుంది.

గాలి లెక్క కూడా తనకు తెలియాలి. 20 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలి రన్‌వేకి 30 డిగ్రీల కోణంలో వస్తే పక్కగాలి 10 నాట్లే. అదే 60 డిగ్రీలైతే 17 దాటుతుంది. సెస్నా 172 పుస్తకంలో రాసే 15 నాట్లు తయారీదారు పరీక్షించి చూపించిన పక్కగాలి. అది కొత్త విద్యార్థికి కొలత కాదు. ఒంటరిగా ఎగిరేవాళ్లకు స్కూళ్లు అంతకంటే తక్కువ హద్దు పెడతాయి. ఆ రోజు గాలి ఎంతుందో, తన హద్దు ఎంతో అడగండి. హద్దు దాటిన గాలిలో పంపి ఉంటే ఆ తప్పు పిల్లది కాదు.

మళ్లీ ఒంటరిగా ఎగిరే ముందు ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని, పక్కగాలి ఉన్న రోజే చూసి, పది ల్యాండింగులు చేయమనండి. దిగే తీరు నచ్చకపోతే పవర్ ఇచ్చి మళ్లీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి రావచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు, నేను ఇప్పటికీ చేస్తాను.

ఈసారి ఏడుస్తూ ఫోన్ చేస్తే, "చక్రాలు ఆనాక కంట్రోల్ వీల్ ఎటు తిప్పి ఉంచావమ్మా?" అని మెల్లగా అడగండి. తనకే గుర్తొస్తుంది.