తొలి కంటైనర్ ఎక్కించే ముందు

గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను అల్లుడూ. ఉద్యోగం మానేసి మిర్చి ఎగుమతిలోకి వస్తానంటే అక్కకి టెన్షన్‌గా ఉంది కానీ, నాకు సంతోషంగానే ఉంది. కొలంబో పార్టీ అందరికన్నా కిలోకి 8 రూపాయలు ఎక్కువ ఇస్తానన్నాడని అయిదు లైన్లు రాశావు. సరుకు అందిన 60 రోజులకు డబ్బు పంపుతాడని ఒక్క లైను రాశావు. నేను ఆ ఒక్క లైను గురించే ఎక్కువ రాస్తాను, విసుక్కోకుండా చదువు.

2022 మొదట్లో నేనూ కొలంబోకి ఒక కంటైనర్ తేజ రకం మిర్చి పంపాను. పదకొండేళ్లుగా తెలిసిన మనిషి. ఒక్కసారి కూడా మాట తప్పలేదు, అందుకే నువ్వు అనుకున్నట్టే అప్పు మీద పంపాను. ఆ ఏడాది వాళ్ల దేశంలో డాలర్లు నిండుకున్నాయి. ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టడం ఆపేస్తున్నామని అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. మనవాడు తన బ్యాంకులో వాళ్ల రూపాయల్లో మొత్తం కట్టేశాడు. రసీదు ఫొటో తీసి పంపాడు కూడా. కానీ ఆ డబ్బును డాలర్లుగా మార్చి మనకి పంపడానికి బ్యాంకు దగ్గర డాలర్లే లేవు. ఫోన్‌లో అతని గొంతు పూడుకుపోయింది. ఇక్కడేమో కమీషన్ ఏజెంటుకి నేను వారంలో డబ్బు కట్టాలి, ఆయన రైతులకి ఇచ్చుకోవాలి. మీ అత్తయ్య నగలు తాకట్టు పెట్టి కట్టాను. కొలంబో డబ్బు ఏడు నెలలకి, విడతలు విడతలుగా వచ్చింది.

మనిషి ఎంత మంచివాడైనా అతని దేశంలో డాలర్లు లేకపోతే నీకు డబ్బు రాదు. కాబట్టి ఏ పార్టీ ఫోన్ చేసినా ముందు వాళ్ల దేశం సంగతి చూడు, తర్వాత వాళ్ల బ్యాంకు, ఆ తర్వాతే మనిషి. ఇది నువ్వొక్కడివే కనుక్కోనక్కర్లేదు. 1957 నుంచి ఎగుమతిదారులకి బీమా ఇస్తున్న ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ ఉంది. ఏ దేశంలో ఎంత రిస్కు ఉందో వాళ్లు వరుసలు కట్టి పెట్టుకుంటారు. నీ పార్టీ పేరు ఇస్తే అతని మీద ఎంతవరకు బీమా ఇస్తారో చెబుతారు. నష్టం మొత్తం ఇవ్వరు, కొంత భాగం నీ నెత్తినే ఉంటుంది. అయినా తొలి ఏడాది ఆ ప్రీమియం దగ్గర పొదుపు చేయకు. వాళ్లు ఒక దేశానికి కవర్ తగ్గించారంటే అదే నీకు మొదటి హెచ్చరిక.

శ్రీలంక ఇప్పుడు అప్పటిలా లేదు, నిజమే. వద్దని అనడం లేదు. కొత్తవాడివి కనుక తొలి కంటైనర్‌కి ఎల్‌సీ అడుగు, అంటే సరైన కాగితాలు చూపిస్తే డబ్బు కడతామని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే హామీ. వీలైతే మరో పెద్ద బ్యాంకు కూడా హామీ కలిపిన కన్ఫర్మ్‌డ్ ఎల్‌సీ అడుగు. ఖర్చవుతుందని ఆయన గునుస్తాడు. ఆ 8 రూపాయల్లో మూడు తగ్గించుకుని అయినా తీసుకో. డీపీ పద్ధతి మీద, అంటే డబ్బు కట్టాకే బ్యాంకు కాగితాలు ఇచ్చే పద్ధతి మీద, కొత్త పార్టీకి పంపకు. సరుకు రేవులో దిగాక మార్కెట్ పడితే వాడు కాగితాలు విడిపించుకోడు. రేవులో రోజురోజుకీ అద్దె పెరుగుతుంటే బేరం మళ్లీ మొదలుపెడతాడు.

ఎల్‌సీ చేతికొచ్చింది కదా అని నిద్రపోకు. బ్యాంకు చూసేది కాగితాలనే, మిరపకాయల్ని కాదు. యూసీపీ 600 అనే అంతర్జాతీయ నియమాల్లో ఆ మాట స్పష్టంగా రాసి ఉంది. ఒకసారి మా ఎల్‌సీలో సరుకు పేరు "స్టెమ్‌లెస్" అని ఉంది. మా గుమాస్తా ఇన్‌వాయిస్‌లో "వితవుట్ స్టెమ్" అని కొట్టాడు. తొడిమ తీసిన కాయే, మాట వేరు. బ్యాంకు తప్పు పట్టింది. దిద్ది పంపేలోపు పద్దెనిమిది రోజులు పోయాయి, ఆ రోజుల వడ్డీ నేనే కట్టాను. ఎల్‌సీలో ఏ అక్షరం ఉంటే అదే అక్షరం రాయించు. అందులో తప్పుంటే సరుకు ఎక్కించక ముందే దిద్దించు. ఓడ ఎక్కిన తేదీ నుంచి 21 రోజుల్లో కాగితాలు బ్యాంకుకి ఇవ్వాలి, ఎల్‌సీలో ఇంకా తక్కువ గడువు రాసి ఉంటే అదే లెక్క.

లైసెన్సుల గురించి అడిగావు. ఎగుమతి-దిగుమతి కోడ్ ఐఈసీ, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, ఆహార లైసెన్సు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, పన్ను ముందు కట్టకుండా ఎగుమతి చేయడానికి జీఎస్టీలో ఇచ్చే హామీపత్రం ఎల్‌యూటీ, రేవులో నీ బ్యాంకు గుర్తింపు నంబరు ఏడీ కోడ్ నమోదు. ఇవన్నీ మన కస్టమ్స్ ఏజెంటు చేయిస్తాడు, వాటికి బుర్ర పాడుచేసుకోకు.

సరుకు దగ్గర మాత్రం ఎవరినీ నమ్మకు. నువ్వే చూడు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, పైన ఉన్న కాయ కాదు, మధ్యలోంచి, అడుగునుంచి మచ్చు తీయించు. గుప్పెడు కాయలు పిడికిట్లో నొక్కు. గలగలమని చిట్లితే ఎండినట్టు, మెత్తగా ఒదిగిపోతే తేమ ఉన్నట్టు. ఒక కాయని తొడిమ దగ్గర విరిచి లోపల చూడు, గింజల చుట్టూ బూడిద రంగు పొర కనిపిస్తే ఆ లాటు ఎంత చవకైనా వదిలెయ్. ఏసీలోంచి, అంటే కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన కాయ విరిగిపోతుందని నీళ్లు చల్లే అలవాటు మన దగ్గర ఉంది. ఆ నీళ్లే ఓడ లోపలి వేడికి బూజవుతాయి, బూజులోంచే అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. యూరప్ వాళ్లు మిర్చిలో దాన్ని కిలోకి 10 మైక్రోగ్రాములు దాటనివ్వరు, అందులో బీ1 రకం 5 దాటకూడదు. కల్లంలో నేల మీద కాకుండా పట్టాల మీద ఎండబెట్టే రైతులు ఎవరో కనుక్కుని, వాళ్లకి క్వింటాకి నాలుగు వందలు ఎక్కువైనా ఇచ్చి కొను. నా వ్యాపారం ఇంతకాలం నిలబడిందంటే అలాంటి ఇరవై కుటుంబాల వల్లే.

ఒక్కో చోటికి ఒక్కో దారి ఉంటుంది, దాన్ని కూడా నేర్చుకోవాలి. బంగ్లాదేశ్‌కి మన కాయ లారీల మీద బెనాపోల్ సరిహద్దు దాటి వెళ్లేది. 2020లో కరోనా లాక్‌డౌన్‌కి ఆ దారి మూసుకుపోయింది. గూడ్స్ రైలు కావాలంటే ఒకేసారి 1,500 టన్నులు ఉండాలి, చిన్న వ్యాపారులం ఎక్కడ తేగలం? ఆ జులైలో రైల్వేవాళ్లు రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కి ప్రత్యేక పార్శిల్ రైలు నడిపారు, 16 పెట్టెల్లో 384 టన్నుల ఎండుమిర్చి వెళ్లింది. టన్నుకి 4,608 రూపాయలు పడింది, రోడ్డు మీదైతే 7,000. కష్టకాలంలో మిర్చి యార్డు వ్యాపారులూ రైల్వే అధికారులూ కూర్చుని మాట్లాడుకుంటే అంత పని జరిగింది. అందుకే చెబుతున్నా, ఎగుమతిదారుల సంఘం మీటింగులకి తప్పకుండా వెళ్లు. పోటీవాళ్లని దూరం పెట్టకు.

రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది, సుంకం ఉండదు అని ఎవరైనా చెబితే వెంటనే లెక్కలు వేసేయకు. శ్రీలంకతో 2000 నుంచి ఒప్పందం ఉంది, యూఏఈతో 2022 మే నుంచి ఉంది. కానీ ప్రతి ఒప్పందంలో మినహాయించిన సరుకుల జాబితా ఒకటి ఉంటుంది. కస్టమ్స్ లెక్కలో ఎండు మిరపకాయ కోడ్ 0904.21, కారం పొడి కోడ్ 0904.22. కాయకి ఉన్న రాయితీ పొడికి ఉండాలని లేదు. కోడ్ పెట్టి చూశాకే మాట్లాడు. రాయితీ ఉందనుకో, విదేశీ వాణిజ్యం చూసే ప్రభుత్వ శాఖ డీజీఎఫ్‌టీ సైటులో, సరుకు మన దేశానిదే అని చెప్పే ఆరిజిన్ సర్టిఫికెట్ తీసుకోవాల్సింది నువ్వు, సుంకం మిగిలేది కొనేవాడికి. ఆ మిగులులో నీ వాటా ధర కుదుర్చుకునేటప్పుడే అడుగు, తర్వాత అడిగితే రాదు.

దుబాయ్‌లో ఉన్న మన ఊరాయన కారం మిల్లుకి పెట్టుబడి పెడతానన్నాడని రాశావు. మంచి మాటే. కానీ డబ్బు నీ అకౌంట్‌లో పడకముందే ఆయన్ని ఒక్కటి అడుగు: ఈ డబ్బు, దీని లాభం తిరిగి అక్కడికి తీసుకెళ్లే హక్కు కావాలా, వద్దా? వద్దంటే చట్టం దాన్ని ఇక్కడి పెట్టుబడిలాగే చూస్తుంది. కావాలంటే విదేశీ పెట్టుబడి అవుతుంది. ఫుడ్ ప్రాసెసింగ్‌లో ముందస్తు అనుమతి అక్కర్లేదు కానీ, డబ్బు వచ్చిన 60 రోజుల్లో వాటాలు ఇవ్వాలి, ఇచ్చిన 30 రోజుల్లో ఆ సంగతి తెలిపే ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం రిజర్వ్ బ్యాంకుకి పంపాలి. ఊరి పరిచయం ఉంది కదా అని కాగితం రాసుకోవడానికి మొహమాటపడకు. మొహమాటంతో మొదలైన భాగస్వామ్యాలు యార్డులో చాలానే చూశాను, రెండు కుటుంబాల మధ్య పలకరింపులు కూడా పోయాయి. తగువొస్తే ఎక్కడ తేల్చుకోవాలో ఆ కాగితంలోనే రాయించు. 2021 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం మొదలైంది, నీకు అదే దగ్గర.

ఇక కొలంబో ఆయనకి ఇవాళే జవాబు ఇవ్వకు. ఎల్‌సీ డ్రాఫ్ట్ అడిగి తెప్పించి ముందు నాకు పంపు, ప్రతి లైనూ నేను చదువుతాను. సంక్రాంతి వెళ్లాక సోమవారం పొద్దున ఏడింటికల్లా యార్డుకి రా, కొత్త కాయ అప్పటికి దిగుతుంటుంది. పట్టాల మీద ఎండబెట్టే రైతులు ఇద్దరు ఆ రోజు వస్తామన్నారు, నీకు పరిచయం చేస్తాను. అక్కని టెన్షన్ పడొద్దని చెప్పు, మధ్యాహ్నం భోజనం మీ అత్తయ్య దగ్గరే.

మావయ్య