ముళ్లతీగతో శిల్పాలు చేసి బతకాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

ముళ్లతీగతో శిల్పాలు చేయడమే పూర్తికాలపు పనిగా పెట్టుకోవాలని ఉంది, వెల్డింగ్ రాదు, ఆర్ట్ కాలేజీలో చదవలేదు, ముందు వెల్డింగ్ కోర్సులో చేరాలా అని అడిగారు. నేను ఈ పని మీదే బతుకుతున్నాను కాబట్టి సూటిగా చెప్తాను: ఇప్పుడే చేరకండి. వెల్డింగ్ తప్పకుండా కావాలి, కానీ ముందు తీగ చేతికి లొంగాలి. వెల్డింగ్ బాగా వచ్చినవాళ్లు కొత్తగా ఈ తీగ పట్టుకుంటే ఏం చేస్తారో చాలాసార్లు చూశాను, తీగ ఎదురు తిరిగిన ప్రతిచోటా ఒక టాకా (చుక్కంత చిన్న వెల్డింగ్ అతుకు) కొట్టి ఆపేస్తారు, చూడటానికి ఆగినట్టే ఉంటుంది కానీ లోపల బిగువు అలాగే ఉంటుంది, బొమ్మని ఎత్తి బండిలో పెట్టేటప్పుడు ఒక టాకా ఊడిందంటే దాని పక్కవన్నీ వరసగా ఊడతాయి.

ముళ్లతీగ అంటే అంతా ఒకటే కాదు. మామూలు రకం మెత్తటి ఉక్కు, ఒక్కో పోగు దాదాపు 2.5 మి.మీ. మందం, ప్లయర్‌తో వంచితే వంగినచోట ఆగుతుంది. రెండోది హైటెన్సైల్, అంటే సన్నగా ఉన్నా ఎక్కువ లాగుడు తట్టుకునే గట్టి ఉక్కు, పోగు 1.6, 1.7 మి.మీ. ఉంటుంది, చుట్ట తేలిక, సన్నగా ఉంది కదా ఇదే సులువుగా వంగుతుందని చాలామంది దీన్నే కొంటారు. జరిగేది పూర్తిగా ఉల్టా. అది స్ప్రింగే అనుకోండి, వంచితే వెనక్కొస్తుంది, కోస్తే ఎగురుతుంది. ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారనిస్తే మెత్తబడుతుంది కానీ జింకు పూత ఉండగా ఆ పని చేయకూడదు (ఎందుకో కింద చెప్తాను). మొదట్లో దాని జోలికి వెళ్లకండి.

ఒక మూరెడు తీగ కోసి విప్పి చూడండి. రెండు పోగులు పేని ఉంటాయి. ముల్లు అనేది విడిగా ఇంకో చిన్న తీగ ముక్క, ఒక పోగుకో రెండింటికో చుట్టి ఉంటుంది, పోగులు పేనడం వల్లే అది పక్కకి జారకుండా నిలబడుతుంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం డికాల్బ్‌లో ఉండే జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు 1874లో పేటెంట్ తీసుకున్నది ఈ ఉపాయానికే. ముళ్లున్న తీగలు అంతకుముందూ ఉన్నాయి, ముల్లుని దాని చోట గట్టిగా పట్టి ఉంచడం ఆయన డిజైన్‌లో బాగా కుదిరింది. మన పనికి ఇది ఎందుకంటే, పేనిన తీగని ఎక్కడైనా కోయగానే చివర విప్పుకుంటుంది, అక్కడి ముళ్లు వదులైపోతాయి. అందుకే కోతకి రెండు పక్కలా ముందే బైండింగ్ వైరు చుట్టాలి, వెల్డింగ్ వచ్చాక అయితే ఒక టాకా పెట్టి కోయాలి. కొన్ని తీగల్లో ముల్లుకీ ముల్లుకీ మధ్య పేనిన దిశ మారుతూ ఉంటుంది, అవి అంతగా విప్పుకోవు, దొరికితే అవే తీసుకోండి. ఇంకో సంగతి, కావాలనే తీగ విప్పి ముళ్లు ఊడదీసి మనకి కావలసినంత దగ్గరగానో దూరంగానో పెట్టి మళ్లీ పేనుకోవచ్చు. ఫ్యాక్టరీ వాళ్లు నాలుగైదు అంగుళాలకి ఒక ముల్లు పెడతారు, అది కంచెకి సరిపోతుంది కానీ ముక్కు, పెదవి, పక్షి కాలు లాంటి చోట కుదరదు.

మొదటి కొన్ని నెలలు బంతులు చేయండి. నవ్వకండి, నిజంగానే. వెల్డింగ్ లేకుండా, బైండింగ్ వైరు లేకుండా, ఒకే పొడవాటి తీగతో గుండ్రటి బంతి కట్టాలి. మధ్యలో చిన్న ముద్దలా బిగించి, ప్రతి రెండు మూడు చుట్లకీ దిశ మారుస్తూ, లాగి పట్టుకుని చుట్టుకుంటూ పోవాలి. పై చుట్టు కింది చుట్టు ముళ్లకి తగులుకుని తనంతట తనే బిగుస్తుంది, ఈ తీగలో ఉన్న గొప్పతనం అదే, మామూలు తీగకి ఆ సుఖం లేదు. పూర్తయ్యాక నేలమీద దొర్లించండి, ఒక పక్కకి వాలిపోతూ దొర్లితే మీ బిగువు సమంగా లేదన్నమాట. బంతి వచ్చిందంటే భుజం, తొడ, గుర్రం పిర్ర వచ్చినట్టే, అన్నీ ఉబ్బెత్తు ఆకారాలే కదా. ఆ తర్వాత గిన్నె లాంటి లోపలి వంపు ప్రయత్నించండి. అది చాలా కష్టం, ఎందుకంటే తీగ ఎప్పుడూ బయటికే తన్నుతుంది. కంటి గుంటలు, బుగ్గ కింద పల్లం చేయలేక చాలామంది ఇక్కడే ఆగిపోయి జీవితాంతం జంతువుల వీపులు చేస్తూ ఉంటారు. (వీపులు కూడా అమ్ముడవుతాయి, అది వేరే సంగతి. బంతులూ అమ్ముడవుతాయి, తోటల్లో పెట్టుకోడానికి.)

భద్రత గురించి పొడిగా చెప్తాను. మోచేతుల దాకా తోలు గ్లౌజులు, గ్లౌజుల కన్నా ముందు కళ్లద్దాలు. చేతులకి గీతలు ఎలాగూ పడతాయి, కంటికి తగిలితే మాత్రం వృత్తి అక్కడితో సరి. కొత్త చుట్ట కోసేటప్పుడు కోతకి రెండు వైపులా బరువు పెట్టో కాలితో తొక్కో పట్టుకోవాలి, వదిలేసిన కొస ఎటు ఎగురుతుందో చెప్పలేం. ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని అందరూ అంటారు, కాదు, మట్టిలో దుమ్ములో ఉండే బ్యాక్టీరియా వల్ల వస్తుంది, కాబట్టి తళతళలాడే కొత్త తీగ గుచ్చుకున్నా ప్రమాదమే. బూస్టర్ పదేళ్లకోసారి వేయించుకోవాలి, మురికి పట్టిన లోతు గాయమైతే అయిదేళ్లు దాటినా డాక్టరు మళ్లీ వేస్తారు. సాయంత్రం పని అయ్యాక నేలమీద అయస్కాంతం తిప్పండి. పొలాల నుంచి పాత కంచె తెచ్చుకుంటుంటే అక్కడ ఒక్క ముక్క కూడా వదలకండి, పశువులు మేతతో పాటు మింగేస్తాయి, ఆ ముక్క పొట్టలో దిగబడి గుండె దాకా పొడుచుకుపోయిన కేసులు పశువుల డాక్టర్లకి బాగా తెలుసు.

పాత తీగ అంటే గుర్తొచ్చింది, ఆ రంగు ఏ రసాయనంతోనూ సరిగ్గా రాదు. కానీ వాడేముందు ఒక చోట తొంభై డిగ్రీలు వంచి మళ్లీ సాపు చేసి చూడండి, అక్కడే విరిగితే ఆ తీగ బరువు మోయలేదు, పైపై పొరకి మాత్రమే వాడుకోవాలి. చాలా పాతదైతే కోసేముందు ఒకసారి రకం ఏదో కనుక్కోండి. ఈ తీగలు సేకరించేవాళ్లు ఉన్నారు, 18 అంగుళాల ముక్కలుగా దాచుకుంటారు, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం లా క్రాస్‌లో ముళ్లతీగలకే ఒక మ్యూజియం ఉంది, 2,000కు పైగా రకాలు పెట్టారు. అరుదైన తీగతో కుందేలు బొమ్మ చేస్తే తీగకే ఎక్కువ ధర పలుకుతుంది, బొమ్మకి కాదు.

ఇప్పుడు వెల్డింగ్. ఈ పనికి మిగ్ (గన్ను లోంచి సన్న తీగ తనంతట తనే వస్తూ కరిగి అతికే పద్ధతి) నేర్చుకోండి, అలా కరిగే ఫిల్లర్ వైరు 0.6 మి.మీ., తక్కువ కరెంటు, మీట నొక్కి వెంటనే వదిలేయాలి. రాడ్డు వెల్డింగ్‌తో ఇంత సన్న తీగ కరిగి తెగిపోతుంది, లోపలి చట్రానికి అయితే అది చాలు. టిగ్ (టంగ్‌స్టన్ మొనతో చేసే వెల్డింగ్) అందంగా వస్తుంది కానీ శుభ్రమైన లోహం అడుగుతుంది, తుప్పు తీగ మీద టిగ్ అంటే ఓపికకి పరీక్షే.

అసలు ప్రమాదం జింకు. కంచె తీగ మీద తుప్పు పట్టకుండా జింకు పూత ఉంటుంది. జింకు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి ఆవిరైపోతుంది, ఉక్కు కరగాలంటే 1,400 డిగ్రీలు దాటాలి, అంటే మీ టాకా అతుక్కునే లోపే జింకు పొగై మీ మొహం ముందు ఉంటుంది. ఆ తెల్లటి పొగ పీలిస్తే అప్పటికి ఏమీ అనిపించదు, కొన్ని గంటల తర్వాత రాత్రిపూట చలి, జ్వరం, ఒళ్లునొప్పులు, నోట్లో లోహం రుచి, ఫ్లూ వచ్చినట్టే ఉంటుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, తగ్గిపోతుంది కదా అనే జనం పట్టించుకోరు. పాలు తాగితే ఏమీ కాదని వెల్డర్లు చెప్పుకునే మాట నమ్మకండి. గాలి బాగా ఆడే చోటు, పొగని పక్కకి లాగే ఎగ్జాస్ట్, హెల్మెట్ కింద పట్టే పీ100 ఫిల్టర్ (సన్నటి పొగ రేణువుల్ని కూడా ఆపే రకం) మాస్కు, ఈ మూడూ పెట్టుకున్నాకే స్విచ్ వేయండి. జింకు తీసేయడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచుతారు, పని జరుగుతుంది, కానీ అప్పుడు హైడ్రోజన్ వస్తుంది, అది అంటుకునే వాయువు, పైగా ఆమ్లం ఆవిరి గదిలో ఉన్న ప్రతి పనిముట్టుకీ తుప్పు పట్టిస్తుంది, కాబట్టి ఆరుబయట, మంటకి దూరంగా చేయాలి. జిడ్డు తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్లు మాత్రం అస్సలు వాడొద్దు, అవి వెల్డింగ్ ఆర్క్ వెలుగుకి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి.

ఆర్ట్ కాలేజీ సంగతికి వస్తే, నన్ను ఇంతవరకు ఏ కొనుగోలుదారూ డిగ్రీ అడగలేదు. కానీ ఒక ప్రశ్న మాత్రం అడుగుతారు: ముళ్లతీగే ఎందుకు? ఇదే గుర్రాన్ని మామూలు తీగతో చేయొచ్చు కదా? దీనికి బొమ్మలోనే జవాబు ఉండాలి. మెల్విన్ ఎడ్వర్డ్స్ అనే అమెరికన్ శిల్పి పని చూడండి. ఇనుప ముక్కలు వెల్డ్ చేయడంలో పేరున్న మనిషి, కానీ 1970లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఆయన పెట్టింది గొలుసులు, ముళ్లతీగలు. గది మూలలో తీగల్ని వరసగా లాగి కట్టాడు, అంతే, బొమ్మంటూ ఏమీ లేదు, అయినా ఆ మూలకి వెళ్లలేరు మీరు. మోనా హతూమ్ అనే కళాకారిణి 2009లో ముళ్ల ఊచల్ని చేపల గాలానికి వాడే దారంతో పైనుంచి వేలాడదీసి ఒక పెద్ద ఘనాకారం చేసింది, దూరం నుంచి చూస్తే పొగలా తేలుతుంది, దగ్గరికెళ్తే ముళ్లు. రూత్ అసావా అనే అమెరికన్ శిల్పి వాడింది మామూలు తీగే, 1947లో మెక్సికోలో బుట్టలల్లేవాళ్ల దగ్గర ఆ అల్లిక నేర్చుకుంది, వెల్డింగ్ లేకుండా తీగని తీగే ఎలా మోస్తుందో చూడాలంటే ఆమె పని ఒక్కటి చాలు. వీళ్లని అనుకరించమని కాదు, ముల్లు ఉండాల్సిన అవసరం వాళ్ల పనిలో కనిపిస్తుంది, అది గమనించమని.

రోజూ డ్రాయింగ్ వేయండి, నీడలు దిద్దకుండా గీతలతోనే. తీగతో నీడ వేయాలంటే ఉన్న దారి ఒక్కటే, దగ్గరదగ్గరగా చుట్టడం. కండరం ఎటు సాగితే తీగ అటు సాగాలి, అడ్డంగా చుడితే ఎంత బాగా చేసినా కట్టు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇక డబ్బు విషయం. నా అనుభవంలో ఒక పెద్ద బొమ్మలో సగానికి సగం శ్రమ ఎవరికీ కనిపించని పనుల్లో పోతుంది. ఎత్తడానికి ముళ్లు లేని నున్నటి పట్టు ఎక్కడ పెట్టాలి, ప్యాకింగ్ ఎలా, నేలకి ఎలా బిగించాలి, వాన పడితే తుప్పు నీళ్లు కారి వాళ్ల రాతి అరుగు మీద మరక పడితే ఎవరిది బాధ్యత. అందుకే నేను ప్రతి బొమ్మతో ఒక జత గ్లౌజులు, ఎక్కడ పట్టుకోవాలో రాసిన కాగితం ఇస్తాను. జనం తిరిగే చోటయితే చెయ్యి అందే ఎత్తు వరకు ముళ్లు కత్తిరించేయాలి లేదా లోపలికి తిప్పాలి, ఇది ఒప్పందంలోనే రాయించుకోండి. ముల్లు తీసేస్తే బొమ్మ అర్థమే పోతుందనుకుంటే ఆ పనికి తీగ వద్దని చెప్పే ధైర్యం ఉండాలి. జర్మనీలో నాజీలు నడిపిన డకావ్ కాన్సంట్రేషన్ క్యాంపు స్మారకం కోసం నాండోర్ గ్లిడ్ అనే శిల్పి 1968లో చేసిన శిల్పం చూస్తే ముళ్లకంచెలో చిక్కుకున్న శరీరాలే అనిపిస్తుంది, కానీ అది కంచు.

బయట పెట్టే బొమ్మలో టాకా కొట్టిన చోట్ల జింకు కాలిపోయి ఉంటుంది కాబట్టి తుప్పు అక్కడే మొదలవుతుంది, జింకు ఎక్కువగా ఉండే పెయింటు అక్కడ పూయాలి. తుప్పు రంగే కావాలంటే లోపల పెట్టే వాటికి మైనం చాలు, బయట తుప్పు మీద క్లియర్ లాకర్ (రంగు లేని వార్నిష్ లాంటి పూత) కొడితే పొరలు పొరలుగా లేస్తుంది.

ధర కట్టేటప్పుడు తీగ ఖర్చు చూసి కట్టకండి, అది చాలా తక్కువ. గంటలు రాసుకోండి, ఫోటోలు, రవాణా, గ్యాస్, గ్లౌజులు, బిల్లు కోసం తిరిగిన సమయం అన్నీ కలపండి. గ్యాలరీలు సాధారణంగా అమ్మకం ధరలో 40 నుంచి 50 శాతం దాకా తీసుకుంటాయి, అది తీసేశాక కూడా మీకు గిట్టాలి, అదే బొమ్మని మీరు బయట సగం ధరకి అమ్మితే గ్యాలరీ మళ్లీ మీ ఫోన్ ఎత్తదు. ఆర్డరు పనికి అడ్వాన్స్ రాకుండా తీగ కోయకండి. ఫోటోలు సాదా గోడ ముందు, పక్క నుంచి వెలుతురు పడేలా తీయండి, చెట్ల ముందు పెట్టి తీస్తే ముళ్లతీగ బొమ్మ అసలు కనిపించదు. చూపించడానికి పది రకాల బొమ్మలు వద్దు, ఒకే తీరులో గట్టిగా ఉన్నవి మూడు నాలుగు ఉంటే ఎక్కువ పని చేస్తాయి.

మొదటి ఒకటి రెండేళ్లు దీని మీదే ఇల్లు గడవదు, ఉన్న ఉద్యోగం వదలకండి. వెల్డింగ్ వచ్చాక గేట్లు, గ్రిల్స్ రిపేర్ పనులు దొరుకుతాయి, చిన్నతనంగా అనుకోకుండా చేయండి. నా మొదటి పెద్ద ఆర్డరు ఒక గేటు బిగించడానికి వెళ్లిన ఇంటాయన దగ్గరే వచ్చింది.

బంతి కట్టాక ఫోటో పెట్టండి, బిగువు ఎక్కడ తప్పిందో చూసి చెప్తాను.