క్రిస్మస్‌కి పిల్లల గిఫ్టులకు ఎంత పెట్టాలి? అమెరికాలో ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఒక లెక్క

మీ ప్రశ్న ఇదీ: డాలస్ దగ్గర ఉంటున్నారు, పాపకు ఐదేళ్లు, బాబుకు పదేళ్లు. స్కూల్లో ఒక్కో పిల్లాడు ఒక్కో సంగతి చెప్తుంటే ఎంత పెడితే సరిపోతుందో, ఎక్కడ ఆగాలో తెలియడం లేదు. పైగా ఈసారి సెలవుల్లో ఇండియా ప్రయాణం కూడా ఉంది.

సూటిగా చెప్తాను. మామూలు ఏడాదిలో ఇద్దరికీ కలిపి 450 డాలర్లు పెట్టుకోండి. ట్యాక్స్, బ్యాటరీలు, ప్యాకింగ్ కాగితం, స్కూల్ టీచర్లకిచ్చే గిఫ్ట్ కార్డులు అన్నీ అందులోనే రావాలి. ఇండియా టికెట్లు కొన్న ఏడాది 300 చాలు. అంకె ఎంతైనా సరే, పిల్లల లిస్టు చేతికి రాకముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. లిస్టు చూశాక వేసే బడ్జెట్ బడ్జెట్ కాదు, ఆ లిస్టుకి ధరలు కట్టడమే అవుతుంది.

నెట్‌లో కనిపించే సగటులు చూసి కంగారు పడకండి. అమెరికా షాపుల సంఘమైన నేషనల్ రిటైల్ ఫెడరేషన్ 2024లో పండగ ఖర్చు మనిషికి సగటున 902 డాలర్లు అని చెప్పింది. చాలామంది అది ఒక పిల్లాడి గిఫ్టుల ఖర్చనుకుంటారు. కాదు. అందులో 261 డాలర్లు తిండికి, అలంకరణకు, పండగ సామానుకు. మిగతా 641 ఇంట్లోవాళ్లు, స్నేహితులు, ఆఫీసువాళ్లు అందరి గిఫ్టులకూ కలిపి. మన ఇళ్ల సంగతి ఇంకాస్త వేరు. దీపావళికి ఏదో ఒకటి కొంటాం, పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టులతో సహా పెద్ద పార్టీ చేస్తాం, తాతయ్య, అమ్మమ్మ ఊరి నుంచి డబ్బులిస్తారు. పక్కింటి అమెరికన్ కుటుంబంలో పిల్లలకు ఏడాది మొత్తం మీద పెద్ద వస్తువు దొరికేది బహుశా ఈ ఒక్క రోజే. వాళ్ల క్రిస్మస్ అంకె తెచ్చి మన దీపావళి, బర్త్‌డే అంకెల మీద పెడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. దీపావళికి కొన్నది కూడా ఇదే పద్దులో రాసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది.

ఇక మామూలు ఏడాది 450ని ఎలా పంచాలో చూద్దాం. ముందు స్కూల్ ఖర్చు తీసి పక్కన పెట్టండి: ఇద్దరు టీచర్లకు చెరో 20 డాలర్ల గిఫ్ట్ కార్డు, క్లాసులో గిఫ్ట్ ఎక్స్ఛేంజ్ ఉంటే 15 నుంచి 20. ఇది 60. కాగితం, టేపు, ట్యాగులు, ఏఏ, ట్రిపుల్ ఏ బ్యాటరీలు కలిపి 25. మిగిలింది 365. మీ ఊళ్లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం కాబట్టి 365ని 1.0825తో భాగించాలి, 337 వస్తుంది. అంటే షాపులో ట్యాగుల మీద కనిపించే ధరల మొత్తం 337 దాటకూడదు. చాలామందికి లెక్క తప్పేది ఇక్కడే. ట్యాగ్ ధరలు కూడి 450కి తెస్తారు, ట్యాక్స్‌తో, స్కూల్ ఖర్చుతో కలిసి అది 570 దాటుతుంది. ట్యాక్స్ ఊరిని బట్టి మారుతుంది, న్యూజెర్సీలో 6.625, ఓరెగాన్‌లో అసలు లేదు. కాబట్టి ఇంకో రాష్ట్రంలో ఉన్న ఫ్రెండు లెక్కను యథాతథంగా వాడొద్దు.

337లో బాబుకి 190, పాపకి 145 పెట్టండి. "ఇద్దరికీ సమానంగా పెట్టకపోతే ఎలా?" అనిపిస్తుంది. కానీ ఐదేళ్ల పిల్లకి ధర తెలియదు, డబ్బాలు లెక్కపెడుతుంది. అన్నయ్యకు ఆరు, తనకు నాలుగు వస్తే ఏడుపు ఖాయం. పదేళ్లవాడు డబ్బాలు లెక్కపెట్టడు, ఫోన్‌లో ధర వెతుకుతాడు. అందుకే పాపకు ఒక 70 డాలర్ల వస్తువు, మూడు 20 డాలర్లవి, 15 డాలర్ల స్టాకింగ్ సామాను (పండగకు వేలాడదీసే మేజోడులో పెట్టే చిన్నచిన్న వస్తువులు). బాబుకి 120 పెట్టి నిజంగా కోరుకున్నది ఒకటి, 30కి బట్టలు, 25కి పుస్తకాలు, 15కి స్టాకింగ్. ఇద్దరికీ స్టాకింగ్ కాక విప్పే డబ్బాల సంఖ్య ఒకటే ఉండాలి, నాలుగు. బాబు పుస్తకాలను రెండు ప్యాకెట్లు చేస్తే సరిపోతుంది. అమెరికన్ ఇళ్లలో చాలామంది పాటించే నాలుగు గిఫ్టుల పద్ధతి కూడా ఇదే: కోరుకున్నది ఒకటి, అవసరమైంది ఒకటి, వేసుకునేది ఒకటి, చదివేది ఒకటి. నా అభిప్రాయంలో ఇది పదేళ్లవాళ్లకు బాగా కుదురుతుంది. ఐదేళ్లవాళ్లకు "అవసరమైంది" అంటే ఆనందం ఉండదు, ఆ చోట ఇంకో ఆటవస్తువు పెట్టండి.

శాంటా పేరుతో ఇచ్చేది ఎప్పుడూ చిన్నదే ఉండాలి, 20, 25 డాలర్ల లోపు. ఖరీదైన వస్తువు మీద అమ్మానాన్నల పేరు రాయండి. క్లాసులో ఒక పాపకి శాంటా ఐప్యాడ్ తెచ్చి, పక్క సీటు పాపకి రంగు పెన్సిళ్లు తెస్తే, "నేను మంచిదాన్ని కాదా?" అని ఆ రెండో పాప ఇంటికెళ్లి అడుగుతుంది. అమ్మానాన్నలు కొన్నదైతే ఆ ప్రశ్న రాదు. ఇంకో లాభం కూడా ఉంది. వచ్చే ఏడాది ఖర్చు తగ్గించాల్సి వస్తే పిల్లలకు చెప్పి ఒప్పించొచ్చు. శాంటాకి డబ్బుల్లేవని చెప్పలేం కదా.

బాబు లిస్టులో గేమ్ కన్సోల్ ఉండే ఉంటుంది, దాని లెక్క విడిగా చెప్తాను. నింటెండో స్విచ్ 2 జూన్ 2025లో 449.99 డాలర్లకు వచ్చింది. మారియో కార్ట్ వరల్డ్ అనే గేమ్ విడిగా కొంటే 79.99. రెండూ కలిపిన ప్యాక్ అప్పట్లో 499.99కి దొరికింది. ఆ ధరలకు విడివిడిగా కొంటే ట్యాక్స్‌తో 573 దాటుతుంది, ప్యాక్ అయితే 541 అయ్యేది. ఆన్‌లైన్‌లో ఫ్రెండ్స్‌తో ఆడాలంటే ఏడాదికి 19.99 సభ్యత్వం. పాత స్విచ్‌లోని మైక్రో ఎస్‌డీ కార్డు ఇందులో గేమ్‌లకు పనికిరాదు, మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త రకం కావాలి. అయితే లోపల 256 జీబీ ఉంది కాబట్టి అది మొదటి రోజే కొనక్కర్లేదు. మొత్తం మీద 600 అనుకోండి. ఒక్క పిల్లాడి గిఫ్టుగా ఇది మీ బడ్జెట్‌లో పట్టదు. కొనాలనుకుంటే ఇద్దరి పేర్లూ రాసి, బాబు పుట్టినరోజు గిఫ్టు, తాతయ్య ఇచ్చే డబ్బు కూడా అందులో కలిపి, ఆ సంగతి ముందే వాడికి చెప్పి కొనండి. చెప్పకుండా కలిపేస్తే పుట్టినరోజు నాడు గొడవ.

కొనే సమయం గురించి. బ్లాక్ ఫ్రైడే (నవంబర్ ఆఖర్లో వచ్చే పెద్ద అమ్మకాల రోజు) అని రాసినంత మాత్రాన ధర తగ్గినట్టు కాదు. అమెజాన్‌లో కొనే వస్తువు లింకును కామెల్‌కామెల్‌కామెల్ సైట్‌లో పెడితే గడిచిన నెలల ధరలు గీతగా కనిపిస్తాయి. అక్టోబర్‌లో 39 ఉన్నది నవంబర్‌లో "60 కొట్టేసి 40" అని కనిపించడం మామూలే. లెగో సెట్లకు ఒక కొండగుర్తు ఉంది: ముక్కకు 10 సెంట్లు. 500 ముక్కల సెట్ 50 డాలర్ల దగ్గర ఉంటే మామూలు ధర, 35, 40కి వస్తే కొనేయండి. స్టార్ వార్స్ లాంటి లైసెన్స్ ఉన్న సెట్లకు ఎక్కువే పడుతుంది. కాస్ట్‌కో అనే హోల్‌సేల్ దుకాణంలో బొమ్మలు సెప్టెంబర్, అక్టోబర్‌ల నుంచే వస్తాయి, డిసెంబర్ మొదటి వారానికి మంచివి అయిపోతాయి, మళ్లీ తెప్పించరు. పిల్లలు లిస్టు మార్చుకుంటూనే ఉంటారు గనక నవంబర్ మధ్యలో "ఇదే ఆఖరు" అని లిస్టు తీసుకుని, ఆ తర్వాత వచ్చే కోరికలు పుట్టినరోజు కాగితం మీద రాయించండి.

సైకిల్ కొంటే కార్టన్ మీద రాసిన వయసు నమ్మొద్దు. పాదాల నుంచి కాళ్ల లోపలి పొడవు కొలిచి, సీటు కనిష్ఠ ఎత్తుతో పోల్చండి. ఐదేళ్లకు 14 లేదా 16 అంగుళాల చక్రం, పదేళ్లకు 20 లేదా 24. "పెరిగితే సరిపోతుందిలే" అని పెద్దది తీసుకుంటే కాళ్లు నేలకు అందక పిల్ల భయపడుతుంది, సైకిల్ గరాజ్‌లోనే ఉండిపోతుంది. హెల్మెట్‌కి విడిగా 20, 25 పెట్టుకోండి.

ఇరవై ఐదో తేదీ పొద్దున చెడేవన్నీ ముందు రోజు చేయని పనుల వల్లే చెడతాయి. పవర్ వీల్స్ లాంటి, పిల్లలు ఎక్కి నడిపే బ్యాటరీ కార్లకు మొదటిసారి నడిపే ముందు 18 గంటలు చార్జింగ్ పెట్టాలి. పొద్దున డబ్బా విప్పితే ఆ రోజు బండి కదలదు. కన్సోల్, టాబ్లెట్ అయితే ఒక వారం ముందే డబ్బా జాగ్రత్తగా తెరిచి, అకౌంట్ పెట్టి, అప్‌డేట్లు, గేమ్ డౌన్‌లోడ్ చేసి, పేరెంటల్ కంట్రోల్, కొనుగోళ్లకు పిన్ పెట్టి, మళ్లీ మూసి చుట్టండి. ఆ పొద్దున అందరూ ఒకేసారి సర్వర్ల మీద పడతారు. కార్ట్రిడ్జ్ ఉన్నా కొన్ని గేమ్‌లు మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే. బొమ్మల ఇళ్లు, బాస్కెట్‌బాల్ స్టాండ్ లాంటివి రాత్రే బిగించి పెట్టండి. బొమ్మను అట్టకు కట్టిన ప్లాస్టిక్ తాళ్లు కూడా రాత్రే కత్తిరిస్తే, పొద్దున పిల్ల ఏడుస్తుంటే మీరు కత్తెర వెతుక్కునే పని ఉండదు.

పాపకు ఐదేళ్లే కాబట్టి ఇంకో మాట. బటన్ బ్యాటరీ పెట్టే చోటు మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి, గోటితో తెరుచుకునేదైతే వెనక్కి పంపేయండి. మింగితే కొద్ది గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోతుంది. చిన్న బలమైన అయస్కాంతాలు, నీళ్లలో ఉబ్బే రంగు పూసలు ఇంట్లోకే రానివ్వొద్దు. మూడేళ్ల లోపు పిల్లలు మీ ఇంటికి వస్తుంటే, టాయిలెట్ పేపర్ రోల్ గొట్టంలో పట్టే ముక్క ఏదైనా గొంతుకి అడ్డం పడొచ్చని గుర్తుంచుకోండి.

డబ్బు చెల్లింపులో నేను గట్టిగా వద్దని చెప్పేది "నాలుగు వాయిదాలు". బ్లాక్ ఫ్రైడే నాడు నాలుగో వంతు కట్టి, మిగతాది రెండు వారాలకొకటి. ఒక్కటైతే ఫర్వాలేదు. మూడు షాపుల్లో మూడు పెడితే జనవరి మొదటి పది రోజుల్లో ఇంటద్దె, కార్డు బిల్లు, ఈ వాయిదాలు అన్నీ ఒకేసారి ఖాతా మీద పడతాయి. కార్డు మీద 600 మిగిల్చి, 22 శాతం వడ్డీకి నెలకు 50 కడుతూ పోతే తీరడానికి దాదాపు 14 నెలలు పడుతుంది, వడ్డీయే 80 డాలర్లు దాటుతుంది. అంటే తీరేలోపే ఇంకో క్రిస్మస్ వచ్చేస్తుంది. జనవరి నుంచి నెలకు 40 చొప్పున వేరే సేవింగ్స్ ఖాతాలోకి ఆటోమేటిక్‌గా పంపితే నవంబర్‌కి 440 ఉంటుంది. ఇంత చిన్న పనికి అంత పెద్ద ఊరట నాకు ఇంకెక్కడా కనిపించలేదు. షాపులో వేలాడే గిఫ్ట్ కార్డుల ప్యాకెట్ అంచు చిరిగి అతికించినట్టుంటే ముట్టుకోకండి. దొంగలు నంబర్ ముందే కాపీ చేసుకుని, మీరు డబ్బు వేయగానే లాగేస్తారు. ఈమెయిల్‌కి వచ్చే డిజిటల్ కార్డు నయం.

చివరగా ఇండియా ప్రయాణం. పెద్ద వస్తువులు ఇక్కడే, బయల్దేరే ముందు వారాంతంలో విప్పించేయండి. శాంటా ముందుగా వచ్చాడని చెప్తే ఐదేళ్ల పిల్ల హాయిగా నమ్ముతుంది. ఊళ్లో ఇరవై ఐదున విప్పడానికి ఒక్కొక్కరికి ఒక చిన్నది చాలు. దాన్ని కాగితంతో చుట్టి సూట్‌కేసులో పెట్టకండి, భద్రతా తనిఖీలో చింపి చూడొచ్చు. గిఫ్ట్ బ్యాగులో పెట్టండి, లేదా కాగితం మడిచి తీసుకెళ్లి అక్కడ చుట్టండి. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. హోవర్‌బోర్డును (నిలబడి నడిపే రెండు చక్రాల బ్యాటరీ బండి) చాలా ఎయిర్‌లైన్స్ అసలు ఎక్కనివ్వవు. చార్జర్ మీద సన్నటి అక్షరాల్లో ఇన్‌పుట్ 100-240 వోల్టులని ఉంటేనే అక్కడ ప్లగ్ పెట్టండి. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల దెబ్బకి కాలిపోవచ్చు. అక్కడి పిల్లలకు తీసుకెళ్లే చాక్లెట్లు, బొమ్మలు వేరే పద్దు, వాటిని ఈ 300లో కలపకండి. గత కొన్నేళ్లుగా అమెజాన్‌లో నవంబర్, డిసెంబర్‌లలో కొన్నవాటికి జనవరి 31 దాకా రిటర్న్ గడువు ఉంటోంది, యాపిల్ వస్తువులకు మాత్రం జనవరి 15. సంక్రాంతి దాకా ఉండి వచ్చేట్టయితే ఐప్యాడ్ లాంటివి బయల్దేరే ముందే ఒకసారి ఆన్ చేసి చూసుకోండి, అన్ని రసీదులనూ ఫోన్‌లో ఒకే ఆల్బమ్‌లో పెట్టుకోండి.