కంప్యూటర్ మార్చేముందు కటింగ్ మెషిన్‌ని అడగండి

ప్రశ్న: మాది పాలకొల్లు. బడిలో పని చేసి పదవీ విరమణ చేశాక, పదేళ్లుగా కంప్యూటర్‌లో బొమ్మలు గీసి, సిల్హౌట్ కేమియో 3 మెషిన్‌తో అట్ట కత్తిరించి తోరణాలు, పెళ్లిపందిట్లో పెట్టే పేర్లు, సీమంతం పిలుపు కార్డులు, మనవల ఫోటో పుస్తకాలు చేస్తున్నాను. వ్యాపారం కాదు, బంధువులకు చేసిపెట్టడం నాకు ఇష్టం. 2015లో కొన్న నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. దీనికి విండోస్ 11 పడదని తెర మీద వస్తోంది. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనెక్స్ వేసేస్తాను, ఒక్క పూట పని అని మా మేనల్లుడు అంటున్నాడు. మ్యాక్ కొనిస్తానని మా అబ్బాయి అంటున్నాడు. ఫోటోషాప్ ఎలిమెంట్స్‌లోనూ, కేమియోను నడిపే ప్రోగ్రాము సిల్హౌట్ స్టూడియోలోనూ చేసిన నాలుగు వేలకు పైగా ఫైళ్లు, వాటిలో వాడిన అను ఫాంట్లు నా దగ్గర ఉన్నాయి. ఎటు వెళ్లమంటారు? (ఒక పాఠకురాలు, పాలకొల్లు)

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. మీ మేనల్లుడి చేతికి ల్యాప్‌టాప్ ఇంకా ఇవ్వకండి. అతను చెప్పినట్లు లైనెక్స్ వేయడం ఒక్క పూట పనే. అయితే మీ పదేళ్ల పనిని అక్కడికి చేర్చడం ఒక్క పూటలో అయ్యేది కాదు, తొందరపడి చేస్తే అసలు కాకుండా పోయే ప్రమాదమూ ఉంది.

తెర మీద కనిపిస్తున్న హెచ్చరిక నిజమే. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ కావాలి. 2015 నాటి ల్యాప్‌టాప్‌లో అటువంటి ప్రాసెసర్ ఉండే అవకాశం లేదు. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకున్న ఇంటి వాడకందారులకు మాత్రం 2026 అక్టోబర్ 13 వరకు గడువు పొడిగించారు. అప్‌డేట్లు ఆగినంత మాత్రాన ల్యాప్‌టాప్ పనిచేయడం మానేయదు. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మందు దొరకదు, అంతే. అందుకని బ్యాంకు పనులూ ఈమెయిలూ దాని మీద నుంచి తీసేసి ఫోనుకు మార్చుకుంటే, బొమ్మలు గీసి అట్ట కత్తిరించడానికి మరికొంత కాలం దానిని నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇక అసలు విషయం మీ కేమియో. సిల్హౌట్ స్టూడియో విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది, లైనెక్స్‌కు ఆ సంస్థ దానిని తయారు చేయలేదు. విండోస్ ప్రోగ్రాములను లైనెక్స్‌లో నడిపించే వైన్ అనే ఏర్పాటు ఉన్నప్పటికీ, యూఎస్‌బీ ద్వారా మెషిన్‌ను కదిలించవలసిన ఇటువంటి ప్రోగ్రాముకు దానిని నమ్ముకోవద్దని నా సలహా. అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ ప్రోగ్రాముకు ఔత్సాహికులు తయారు చేసిన ఒక ఎక్స్‌టెన్షన్, అంటే దానికి జోడించుకునే చిన్న ప్రోగ్రాము, ఉంది. దానితో లైనెక్స్ నుంచే కేమియో 3కు నేరుగా గీతలు పంపి కత్తిరించవచ్చు. కత్తి లోతు, వేగం, ఒత్తిడి మీరు స్వయంగా అంకెల్లో ఇవ్వవలసి వస్తుంది గనుక మొదటి నాలుగైదు అట్టలు పాడవుతాయని ముందే అనుకోండి.

మెషిన్ కన్నా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీ ఫైళ్ల సంగతి. సిల్హౌట్ స్టూడియో తన పనిని స్టూడియో3 అనే సొంత రూపంలో దాచుతుంది, దానిని ఇంక్‌స్కేప్ చదవలేదు. అందరూ చదవగలిగే ఎస్‌వీజీ రూపంలోకి మార్చి దాచుకునే సౌకర్యం ఆ ప్రోగ్రాములో డబ్బు కట్టి తీసుకునే బిజినెస్ ఎడిషన్‌లో ఉంది. కట్టడం ఇష్టం లేకపోతే మరో దారి ఉంది. బొమ్మలోని కత్తిరింపు గీతలకు కాస్త మందం ఇచ్చి, పీడీఎఫ్‌గా ప్రింట్ చేసి, ఆ పీడీఎఫ్‌ను ఇంక్‌స్కేప్‌లో తెరవండి. ముందు ఒక్క తోరణంతో చేసి చూడండి. గీతలు విడివిడిగా పట్టుకోవడానికి వస్తున్నాయా, కొలత సరిగ్గా ఉందా అన్నవి రెండూ గమనించిన తరువాతే మిగిలినవాటి జోలికి వెళ్లండి. నాలుగు వేలూ మార్చనవసరం లేదు. మళ్లీ చేయమని ఎవరైనా అడిగేవి, మీకు ప్రాణమైనవి ఏరితే మూడు నాలుగు వందలకు మించవని నా అనుభవం.

కొలత అన్నాను కాబట్టి దాని కారణం కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే మెషిన్‌ను అనుమానిస్తారు. ఎస్‌వీజీ ఫైలులో కొలతలు తరచుగా పిక్సెళ్లలో ఉంటాయి. ఇల్లస్ట్రేటర్ అనే మరో డ్రాయింగ్ ప్రోగ్రాము అంగుళానికి 72 పిక్సెళ్ల లెక్కన రాస్తే, ఇంక్‌స్కేప్ 96 లెక్కన చదువుతుంది. అంటే పది అంగుళాల తోరణం ఏడున్నర అంగుళాలకు కుదించుకుపోయి వస్తుంది. అది చూసి కంగారుపడకండి, బొమ్మను 133.33 శాతానికి పెంచితే పూర్వపు కొలతకు చేరుతుంది. నేనైతే ప్రతి ఫైలులో ఒక మూలన సరిగ్గా ఒక అంగుళం చదరం గీసి ఉంచుతాను. ఏ కంప్యూటర్‌లో తెరిచినా ముందు దాని కొలత చూస్తే చాలు, మిగతా బొమ్మ సంగతి తెలిసిపోతుంది.

ఇప్పుడు ఫాంట్లు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే. కొన్నేళ్ల కిందట నేను కంప్యూటర్ మారినప్పుడు బొమ్మలన్నీ జాగ్రత్తగా కాపీ చేసుకుని ఫాంట్లను మరిచాను. రావులపాలెంలో మా అక్కగారి అమ్మాయి పెళ్లి. పందిరి ముందు పెట్టే 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' ఫైలును ముందురోజు సాయంత్రం తెరిస్తే, మూడు మాటలకు బదులు అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కనిపించాయి. రాత్రి తొమ్మిది గంటలకు తణుకులో ఒక డీటీపీ సెంటర్ తలుపు తట్టి, వారి కంప్యూటర్‌లో ఆ ఫాంటుతో మళ్లీ కంపోజ్ చేయించుకుని వచ్చాను. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు, ఫాంటు లేని మరుక్షణం దాని కింద ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు బయటపడతాయి. ఫోన్లలో మనం టైపు చేసే యూనికోడ్ తెలుగుకు ఈ ఇబ్బంది లేదు. ఫాంటు మారితే అక్షరం వంపు మారుతుందే గాని 'శ్రీ' ఎక్కడైనా 'శ్రీ'గానే ఉంటుంది.

కాబట్టి ఆ ఫాంట్లు ఉన్న ఈ ల్యాప్‌టాప్‌లోనే, విండోస్ ఉండగానే, ఆ అక్షరాలను గీతలుగా మార్చి దాచుకోండి. ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలోని 'ఆబ్జెక్ట్ టు పాత్' అందుకే ఉంది. అలా మార్చాక అది బొమ్మ, దానికి ఇక ఫాంటుతో పని లేదు. అయితే తరువాత పేరు మార్చాలంటే కుదరదు గనుక, అందులో ఏమి రాశారో యూనికోడ్‌లో టైపు చేసిన కాగితం ఒకటి పక్కన పెట్టుకోండి. కొత్తగా చేసేవాటికి యూనికోడ్ ఫాంట్లే వాడండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, ధూర్జటి వంటివి ఉచితంగా దొరుకుతాయి, విండోస్, మ్యాక్, లైనెక్స్ మూడింటిలోనూ పనిచేస్తాయి. అట్టలో కత్తిరించడానికి రామభద్ర వంటి లావుపాటి అక్షరమే మేలు, సన్నని గీత అట్ట మీద నుంచి లేవదీసేటప్పుడు చిరుగుతుంది.

తెలుగు అక్షరాన్ని కత్తిరించేవారు గమనించవలసినది మరొకటి ఉంది. ప, ష, స, హ వంటి అక్షరాల మీది తలకట్టు చాలా ఫాంట్లలో అక్షరాన్ని తాకదు. 'శుభమస్తు' కత్తిరించి, అట్టను అంటించే కటింగ్ చాప మీద నుంచి లేపితే 'స' మీది తలకట్టు, కింది తవత్తు విడి ముక్కలుగా రాలి, తలకట్టు ఎక్కడ పెట్టాలో తెలియక ఊరుకోవలసి వస్తుంది. గీతలుగా మార్చిన తరువాత తలకట్టుకూ అక్షరానికీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల చిన్న వంతెన గీసి, అన్నింటినీ అదే పాత్ మెనూలోని 'యూనియన్'తో ఒకటిగా కలపండి. ఈ పని ఏ కంప్యూటర్‌లోనైనా ఒక్కటే గనుక ఇప్పుడే చేయి అలవాటు చేసుకోండి.

ఫోటో పుస్తకాల ఫైళ్ల గురించి ఎక్కువ దిగులు అక్కర్లేదు. ఫోటోషాప్ ఎలిమెంట్స్ లైనెక్స్‌లో నడవదు, దాని పీఎస్‌డీ ఫైళ్లను గింప్ అనే ఫోటోలు దిద్దే ప్రోగ్రాము తెరుస్తుంది. పొరలు వస్తాయి, అక్షరాల పొర మాత్రం బొమ్మగా మారి రావచ్చు, నీడల వంటి కొన్ని హంగులు పోవచ్చు. పూర్తయిన పేజీలను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) పీఎన్‌జీ బొమ్మగా కూడా దాచుకుంటే ఆ లోటు కనబడదు. మీరు సేకరించుకున్న బ్రష్‌లను గింప్ చాలావరకు స్వీకరిస్తుంది.

ఇక ఏం చేయాలి? ఇంక్‌స్కేప్, గింప్ రెండూ విండోస్‌లోనూ ఉచితమే. వాటిని ఈ పాత ల్యాప్‌టాప్‌లోనే వేసుకుని ఒక నెల రోజులు వాటితోనే పని చేయండి. ఒక తోరణం మొదటి గీత నుంచి చివరి కత్తిరింపు వరకు వాటితో చేయగలిగితే, మీరు సగం దూరం దాటినట్లే. ఆ తరువాత మేనల్లుడిని పిలిచి, ఉన్న హార్డ్ డిస్క్‌ను చెరపకుండా బయటికి తీయించి, దాని స్థానంలో కొత్త ఎస్ఎస్‌డీ పెట్టించి దాని మీద లైనెక్స్ మింట్ వేయించండి. పాత డిస్క్‌ను గుడ్డలో చుట్టి, తేమ తగలని చోట బీరువాలో పెట్టండి. ఏ రోజైనా ఏదైనా స్టూడియో3 ఫైలు అవసరమైతే డిస్క్ తిరిగి బిగిస్తే మీ విండోస్ ఉన్నదున్నట్లు లేచి కూర్చుంటుంది. నా సలహా మొత్తంలో గట్టిగా పట్టుకోవలసినది ఏదంటే ఈ డిస్క్ మాటే అంటాను. మింట్‌కు కనీసం 2 జీబీ ర్యామ్ చాలంటారు గాని బొమ్మలు గీసేవారికి 8 జీబీ ఉంటే హాయి. తెలుగు టైపింగ్‌కు ఐబస్ అనే ఏర్పాటులో ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి రెండూ దొరుకుతాయి. తుపానుల రోజుల్లో మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీని నమ్మలేము. అందుకని ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూర్చుని వేయించండి.

మీ అబ్బాయి మాటనూ తోసిపుచ్చను. మ్యాక్‌లో సిల్హౌట్ స్టూడియో నడుస్తుంది, మీ స్టూడియో3 ఫైళ్లు అలాగే తెరుచుకుంటాయి. నెల రోజుల ప్రయత్నం తరువాత ఇంక్‌స్కేప్ మీ చేతికి పట్టుబడకపోతే అదే సుఖమైన దారి, కాదంటే విండోస్ 11తో వచ్చే కొత్త ల్యాప్‌టాప్ కొంటే చేతికి పాత అలవాటూ పోదు. చౌకగా వస్తున్నదని ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న వాడిన మ్యాక్ మాత్రం తీసుకోనివ్వకండి. 2025లో వచ్చిన టాహో తరువాతి మ్యాక్‌ఓఎస్‌లు వాటిమీద నడవవని యాపిల్ ప్రకటించింది, రెండేళ్లకే మీరు మళ్లీ ఇదే ప్రశ్నతో ఉత్తరం రాయవలసి వస్తుంది.

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. మా అమ్మ లేసు అల్లుతుంది. ఆమె అల్లిక నమూనాలను గడుల మీద కంప్యూటర్‌లో గీసి దాస్తున్నాను. ఈమధ్య మ్యాక్‌కు మారాను. పాత ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోని ఫైళ్లు తెరుచుకుంటున్నాయి గాని, దానిలోకి కొత్తగా ఏదీ కాపీ కావడం లేదు. డిస్క్ పాడైందా? (ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా)

జవాబు: పాడవలేదు. విండోస్‌లో వాడిన డిస్క్‌లు సాధారణంగా ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉంటాయి. మ్యాక్ వాటిని చదువుతుందే గాని వాటి మీద రాయదు. డిస్క్‌లో ఉన్నదంతా ముందు మ్యాక్‌లోకి కాపీ చేసి, పది పన్నెండు ఫైళ్లు తెరిచి చూసి, నమ్మకం కుదిరాక డిస్క్‌ను ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసి తిరిగి కాపీ చేయండి. ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా చెరిగిపోతుంది గనుక ఈ వరుస తప్పవద్దు. ఎక్స్‌ఫ్యాట్‌ను విండోస్, మ్యాక్, లైనెక్స్ మూడూ చదివి రాస్తాయి. తీసేముందు మాత్రం తప్పకుండా 'ఎజెక్ట్' నొక్కండి, హఠాత్తుగా లాగితే ఫైళ్లు దెబ్బతింటాయి.

నమూనాలను ఎస్‌వీజీలో దాచుతున్నారని ఆశిస్తాను. మీ నరసాపురం లేసు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన పని, మీ అమ్మగారి చేతి నమూనాలు ఒక కంప్యూటర్‌తో పాటు మాయం కాకూడదు. గడుల బొమ్మ ఒక్కటే సరిపోదు. ప్రతి నమూనాకూ అల్లిన ముక్కను నల్లగుడ్డ మీద పరిచి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, దారం నంబరు, సూది నంబరు అమ్మను అడిగి అదే ఫైలులో రాసి ఉంచండి.