కడపకు బదిలీపై వస్తున్న కుటుంబాన్ని ఇక్కడి క్రైస్తవ సంఘాలు కలుపుకుంటాయా?

మీది గుంటూరు లూథరన్ కుటుంబమని, మీ శ్రీమతి హిందూ కుటుంబం నుంచి వచ్చారని, కడపలో ఏ సంఘమైనా మిమ్మల్ని మనస్ఫూర్తిగా కలుపుకుంటుందా అని అడిగారు. పదకొండేళ్ల క్రితం ఇదే సందేహంతో రాజమండ్రి నుంచి ఈ ఊరికి వచ్చాను. నా భార్యదీ హిందూ కుటుంబమే.

క్రైస్తవ శాఖ వేరన్న బెంగ వద్దు. గుంటూరులో లూథరన్ మిషన్ పనిచేసినట్టే ఇక్కడ 1822 నుంచి లండన్ మిషన్ పనిచేసింది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు ఏకమై చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ) ఏర్పడినప్పుడు ఇక్కడి సంఘాలు అందులో కలిశాయి, లూథరన్లు బయటే ఉండిపోయారు. అందువల్ల ఆరాధన క్రమంలో కొన్ని మాటలు, కొన్ని కీర్తనల వరుసలు మీకు కొత్తగా తోచవచ్చు. సభ్యులుగా చేరాలంటే మీ పాత సంఘం పాస్టరు అయ్యగారి నుంచి బదిలీ పత్రం తెచ్చుకోండి. కాథలిక్కు దేవాలయంలో ఎవరైనా కూర్చోవచ్చు గానీ, పూజలో ఇచ్చే అప్పం, అంటే దివ్యసత్ప్రసాదం మాత్రం మనం తీసుకోకూడదు.

ఇక ఆదరణ సంగతి. నేను మొదట వెళ్లిన చోట, పేరు చెప్పను, గుమ్మంలోనే ఒక పెద్దాయన చెయ్యి కలిపి, ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, అది చాలక మా తాతగారు ఏ వాడలో ఉండేవారో కూడా అడిగారు. ఆ ప్రశ్నలు ఎక్కడికి దారితీస్తాయో మీకు విడమరచి చెప్పనక్కరలేదు. రెండో చోట ఎవరూ ఏమీ అడగలేదు. చాప మీద కూర్చున్న ఒకావిడ కొంచెం జరిగి నా భార్యకు చోటిచ్చి, కీర్తన సంఖ్య దొరక్క ఆమె తడబడుతుంటే తన పుస్తకాన్ని ఇద్దరి మధ్యా పెట్టి, పాడుతున్న చరణం కింద వేలు జరుపుతూ పోయారు. ఆ వేలి గోటికి పసుపు మరక ఉండేదని నా భార్య ఇప్పటికీ చెబుతుంది. ఆ ఏడాది కోత పండుగనాడు, కానుకగా వచ్చిన గుమ్మడికాయలను, కోళ్లను వేలం వేస్తుండగా, లెక్క రాసే పుస్తకాన్ని నా చేతికిచ్చారు. వందనాలు ఎవరైనా చెబుతారు, డబ్బు లెక్క మాత్రం పరాయివాడికి అప్పగించరు కదా!

ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వెంకన్న దర్శనానికి వెళ్లే ఊరిది, పెద్ద దర్గాకు అన్ని మతాలవారూ వెళ్తారు. బొట్టుతో ఆరాధనకు వచ్చిన స్త్రీని ఇక్కడ పెద్దగా వింతగా చూడరు. ఒకరిద్దరు ముసలమ్మలు చూస్తారనుకోండి, రెండు వారాల్లో వారికీ అలవాటవుతుంది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఎవరినీ "మీరు సంఘ సభ్యుల రిజిస్టరులో ఉన్నారా" అని అడగకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో వారిని బీసీ-సీలో చేర్చారు. ఏళ్ల తరబడి వెనక చాపల మీద కూర్చునే కొందరు పేరు రాయించుకోకపోవడానికి కారణం ఆ హోదా పోతుందనే.

మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు ఆరాధన పొడుగ్గా సాగుతుంది. మీరు వెళ్లేచోటా అలాగే ఉంటే, చిన్నపిల్లలున్నవారు రెండో ఆదివారంతో మొదలుపెట్టడం మేలు. ఆరాధన ముగియగానే బండి తీయకుండా, చెప్పులు విడిచిన చోట పది నిమిషాలు నిలబడండి. మమ్మల్ని మొదటిసారి భోజనానికి పిలిచింది అక్కడే.