నడుములో వేసే ఇంప్లాంట్ ‘ఎఫ్‌డీఏ క్లియర్డ్’ అంటే ప్రభుత్వం పరీక్షించి ఒప్పుకున్నట్టేనా?

పర్లాకిమిడి నుంచి నాన్నగారిని విశాఖ తీసుకెళ్తున్నామని, అక్కడ ఈ మాట చెప్పారని అడిగారు. ఎఫ్‌డీఏ అంటే అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ. ప్రశ్నకు జవాబు, పూర్తిగా అలా కాదండీ.

ఈ ఆపరేషన్‌లో రెండు వెన్నుపూసలు ఒకే ఎముకగా అతుక్కునేదాకా కదలకుండా పట్టి ఉంచడానికే స్క్రూలు, రాడ్లు, వెన్నుపూసల మధ్య ఖాళీలో పెట్టే కేజ్ అనే చిన్న దిమ్మ. ఇవి సాధారణంగా టైటానియంవి. కేజ్ అయితే పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌తోనూ చేస్తారు. అతికేది మాత్రం ఎముకే, దానికి నెలలు పడుతుంది. పొగ తాగే అలవాటుంటే అతకకపోయే ప్రమాదం పెరుగుతుంది. నాన్నగారికి ఆ అలవాటుంటే ఇంప్లాంట్ బ్రాండు కన్నా ముందు దాని సంగతి చూడండి.

ఇక క్లియరెన్స్. అమెరికాలో ఇలాంటి పరికరాల్లో ఎక్కువ భాగం 510(కె) దారిలో వస్తాయి. ఇప్పటికే చట్టబద్ధంగా అమ్ముడవుతున్న పరికరంతో భద్రతలో, పనితీరులో సమానమని కంపెనీ చూపించాలి. బలం ఎంత, పదేపదే బరువు పడితే తట్టుకుంటుందా అనే పరీక్షలు ల్యాబులో చేస్తారు. రోగుల మీద కొత్త అధ్యయనం చాలాసార్లు అడగరు. రోగులపై ఆధారాలు కోరే కఠినమైన ఆమోదం వేరే ఉంది, దాన్ని పీఎంఏ అంటారు. అందుకని క్లియరెన్స్ విలువలేనిదని కాదు, దాని హద్దు తెలియాలి.

మనకు ముఖ్యం ఇక్కడి లైసెన్సు. వైద్య పరికరాల నియమాలు, 2017 ప్రకారం దిగుమతి సరుకుకు లైసెన్సు ఢిల్లీలోని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీవో ఇస్తుంది. ఆ నంబరు లేబుల్ మీద ఉండాలి. ఆపరేషన్ అయ్యాక ఇంప్లాంట్ స్టిక్కర్లు, లాట్ (తయారీ విడత) నంబర్లతో సహా, డిశ్చార్జ్ కాగితాలకు అంటించి ఇమ్మని తప్పకుండా అడగండి. రేపు బరంపురంలో ఎంఆర్ఐ తీయాలన్నా, ఆ సరుకును కంపెనీ వెనక్కి పిలిచినా అవే ఆధారం.