తొంభై రెండేళ్లు బతికిన నాన్న కోసం ఏడవకూడదా?

ప్రశ్న: మాది పల్నాడులో సాగర్ కుడికాలువ కింద ఊరు. మా నాన్న పోయిన ఏడాది తొంభై రెండేళ్ల వయసులో కాలం చేశారు. ఇంకో రెండు నెలల్లో సంవత్సరికం. ఆ రోజుకి నాన్న జీవితం మీద చిన్న పుస్తకం వేయించి బంధువులకు పంచాలని అన్నయ్య పట్టుదల. రాసే పని నాకు అప్పగించాడు. నాలుగు ముక్కలు రాసేసరికి ఏడుపొస్తోంది, కాగితం పక్కన పడేస్తున్నాను. ‘నిండుగా బతికారు, మంచాన పడకుండా వెళ్లిపోయారు, ఇంకా ఎందుకు బాధ’ అంటుంది నా భార్య. పైగా మా అక్క ‘ఆ పుస్తకంలో నా ఊసే ఎత్తొద్దు’ అని తేల్చి చెప్పింది. 1974లో ఏడో తరగతి కాగానే నాన్న అక్కని బడి మాన్పించారు. అన్నయ్యనీ నన్నూ చదివించారు. అది రాస్తే నాన్న పరువు తీసినట్టు ఉంటుంది, రాయకపోతే అక్కకి అన్యాయం చేసినట్టు ఉంటుంది. యాభై నాలుగేళ్లొచ్చి ఇలా టెన్షన్ పడటం సిగ్గుగా ఉంది. అమ్మకి ఎనభై ఆరు. ఆవిడ ఏమీ మాట్లాడదు. నాన్న దగ్గర ముప్పై ఏళ్లు పాలేరుగా చేసినాయన పెద్దకర్మ రోజు అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. నేనేమో అందరి ముందూ ఏడవలేకపోయాను.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఏడుపు సంగతి. మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పండు వయసులో పోయినవాళ్లను మనవలూ మునిమనవలూ చుట్టూ ఉండగా, మేళతాళాలతో సాగనంపే ఆనవాయితీ మన ఊళ్లలో ఉంది. అది ఆ మనిషికి ఇచ్చే గౌరవం. దాంతో పాటు పిల్లలు ఏడవకూడదన్న కట్టడి కూడా వచ్చిపడుతోంది. పసివాడికి తండ్రి పోతే ఊరు ఊరంతా వచ్చి పక్కన కూర్చుంటుంది. యాభై దాటిన కొడుకు పక్కన కూర్చునేవాళ్లు ఉండరు. మీరు పుట్టినప్పటి నుంచి పోయిన ఏడాది వరకు నాన్న లేని రోజంటూ మీకు తెలియదు. అన్నేళ్లు ఉన్నారు కాబట్టే ఇప్పుడు ఇంత వెలితి. మీ భార్య మిమ్మల్ని తేలికపరచాలనే ఆ మాట అని ఉంటారు. ‘నాకు సర్దిచెప్పొద్దు, నాన్న గురించి మాట్లాడతాను, కాసేపు విను’ అని నేరుగా అడగండి. చాలామంది భర్తలు అడగనిది ఇదే.

ఒకటి మాత్రం గమనించుకోండి. ఏడుపు రావడం జబ్బు కాదు. కానీ ఏడాది కావస్తున్నా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఆఫీసు పని సాగకపోవడం, బతకాలని లేదనిపించడం లాంటివి ఉంటే మానసిక వైద్యుణ్ని కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక పుస్తకం. మీ కలం ఆగిపోవడానికి దుఃఖం ఒక్కటే కారణమని నాకు అనిపించడం లేదు. మీకు తెలిసిన నాన్న ఒకరు, అన్నయ్య రాయమంటున్న నాన్న ఇంకొకరు. ‘దానశీలి, ధర్మాత్ముడు, అజాతశత్రువు’ అని రాసిన స్మారక పుస్తకాలు మనందరి ఇళ్లకూ వస్తాయి. ఫొటో మార్చి పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. మీ నాన్న జీవితం అలా ఎవరికైనా సరిపోయేది కాదు.

లెక్క వేసి చూడండి. నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. అప్పటికి మీ నాన్నకు ఇరవై మూడేళ్లు. కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. అప్పటికి ముప్పై అయిదు. అంటే ఆయన వయసంతా జొన్నలూ సజ్జలూ వేసి వాన కోసం చూసిన మెట్ట సేద్యంలో సగం, మాగాణిలో సగం గడిచింది. నల్లరేగడిని దమ్ము చేయడం, నారు పోయడం ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారు? మొదటి కారు వరి ఇంటికొచ్చిన రోజు ఇంట్లో ఏం వండారు? పల్నాడంతా పత్తి వేసిన కాలంలో ఆయనా వేశారా? 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తినేసినప్పుడు, రైతులు పురుగుమందు తాగి చనిపోతున్న ఆ ఏడాది, మీ ఇల్లు ఎలా గట్టెక్కింది? మీరప్పుడు కాలేజీ వయసులో ఉంటారు. మీ ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసా?

ఇవన్నీ అమ్మకి తెలుసు. ‘నాన్న గురించి చెప్పమ్మా’ అంటే ఆవిడ ఏమీ చెప్పరు. అలా అడిగితే ఎవరికీ మాట రాదు. సంవత్సరాలు అడిగినా లాభం లేదు. సాగర్ నీళ్లొచ్చిన ఏడు, దివిసీమ ఉప్పెన ఏడు, తెల్లదోమ ఏడు అని అడగండి. సేద్యం చేసిన ఇళ్లలో కాలం అలాగే గుర్తుంటుంది. నాన్న పెట్టె దింపండి. శిస్తు రసీదులు, కమిషన్ కొట్టు చీటీలు, పాత పాస్‌బుక్కు, ఏదుంటే అది ఆవిడ ముందు పెట్టండి. ఒక్కో కాగితానికి ఒక్కో గొడవ, ఒక్కో అప్పు, ఒక్కో పెళ్లి బయటికొస్తాయి. ఫోన్‌లో రికార్డు చేయండి. మధ్యలో ‘అలా కాదమ్మా’ అని దిద్దకండి. అరుగు మీద కూర్చుని ఏడ్చినాయన ఇంటికి కూడా మీరే వెళ్లండి, ఆయన్ని పిలిపించుకోకండి. పొలంలో మీ నాన్నని మీ అందరికంటే ఎక్కువ చూసింది ఆయన. పుస్తకంలో ఆయన పేరు, ఆయన మాటలు ఆయన చెప్పినట్టే ఉండాలని నా కోరిక.

ఇప్పుడు అక్క. మీరు పరువు, అన్యాయం అని రెండు పక్కల పెట్టి తూస్తున్నారు. నాకు ఇది వేరేగా కనిపిస్తోంది. నీళ్లొచ్చాక పంట పెరిగింది. పంటతో పాటు చాకిరీ పెరిగింది. నాట్లు, కలుపు, కూలీలకు వంట, గొడ్ల పని అన్నీ రెట్టింపయ్యాయి. ఆ రోజుల్లో ఎన్నో ఇళ్లలో ఆ పని మోయడానికి బడి మానింది పెద్దాడపిల్లే. మీ ఇంట్లోనూ అదే జరిగిందని నేను చెప్పలేను, హైస్కూలు దూరమనో, పెళ్లి అనో కారణం ఇంకోటి ఉండొచ్చు. అది అక్కే చెప్పాలి. అదే గనక జరిగి ఉంటే, అన్నయ్య చదువుకీ మీ ఉద్యోగానికీ అక్క పన్నెండో ఏట నుంచి పనిచేసింది. అది నాన్న కథ పక్కన అతికించే మచ్చ ఎలా అవుతుంది? ఆ ఇల్లు పైకొచ్చిన కథలో సగం అదే. నాన్న ఆ కాలం మనిషి అని సర్దుకుపొమ్మని నేను అక్కకి చెప్పను. మీరూ చెప్పకండి. ఆ కాలంలోనే కూతుళ్లను చదివించిన రైతులూ ఉన్నారు.

అక్క దగ్గరికి ఫోన్ మీద కాదు, మనిషిగా వెళ్లండి. పుస్తకం మాట ఎత్తకండి. ‘నువ్వు బడి మానేశాక మేం చదువుకున్నాం, ఆ సంగతి నేనెప్పుడూ నీతో మాట్లాడలేదు’ అని మొదలుపెట్టండి. ఆవిడ తిట్టొచ్చు, ఏడవొచ్చు, లేచి లోపలికి వెళ్లిపోవచ్చు. ఉండండి. రాయొద్దనే మాట మీదే ఆవిడ నిలబడితే రాయకండి. అది ఆవిడ జీవితం, ఆవిడ అనుమతి లేకుండా అచ్చుకెక్కించే హక్కు మీకు లేదు. అప్పుడు కూడా ‘పిల్లలందరినీ సమానంగా చూశారు’ అనే వాక్యం మాత్రం పుస్తకంలో రానివ్వకండి. అన్నయ్య ఎంత పట్టుబట్టినా సరే, ఆ ఒక్క దగ్గర గట్టిగా నిలబడండి.

మీరు పొలం సంగతి రాయలేదు. అక్క కోపంలో అదీ ఉండొచ్చు, అందుకే చెబుతున్నాను. 2005 సెప్టెంబర్ 9 నుంచి అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టం సవరణ ప్రకారం పిత్రార్జిత ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఉంది. ఎప్పుడో పెళ్లయిందన్నది దానికి అడ్డు కాదు. 2004 డిసెంబర్ 20కి ముందే చట్టప్రకారం పంపకాలు పూర్తయి ఉంటే ఆ పంపకాలను ఈ సవరణ కదిలించదు. నాన్న సొంతంగా కొన్న పొలానికి వీలునామా లేకపోతే అమ్మకూ పిల్లలందరికీ సమాన వాటాలే. కాగితాలు పట్టుకెళ్లి లాయర్‌ని అడగండి. అయితే ఈ మాటా, బడి మాటా ఒకే రోజు కలపకండి. కలిపితే పొలం కోసమే మంచిగా మాట్లాడుతున్నారని అక్క అనుకోవచ్చు.

ఇదంతా రెండు నెలల్లో అయ్యే పని కాదని అన్నయ్యకు చెప్పండి. సంవత్సరికానికి పుస్తకం అందకపోతే కొంపలేమీ మునగవు. ఆ రోజుకి ఫొటోతో ఒక పేజీ చాలు, పుట్టిన సంవత్సరం, ఊరు, చేసిన సేద్యం వేస్తే సరిపోతుంది. పుస్తకం వచ్చే ఏడాదికి వేయించొచ్చు. అమ్మ మాటలు రికార్డు చేయడం మాత్రం వాయిదా వేయకండి. ఈ ఆదివారమే ఊరెళ్లండి.